పదకొండు నిమిషాల విమానం

గడ్డపార ముందు ఎత్తింది చెన్నకేశవులు. గొడ్డలి ముందు దించింది మల్లేశు. అన్నదమ్ముల బిడ్డలు కొట్టుకున్నప్పుడు తప్పు ఎవరిదో తేల్చడం బ్రహ్మతరం కూడా కాదు కాబట్టి, జరిగింది జరిగినట్టు చెప్పుకోవడమే మేలు.

అప్పటికి బారెడు పొద్దెక్కింది. గుండ్లవరం పడమటి చేలల్లో మిరప విరగకాసి ఉంది. గట్టుకు అటు చెన్నకేశవులు చేను, ఇటు అతని చిన్నాన్న కొడుకు మల్లేశు చేను. ఆ గట్టు మీద చెన్నకేశవులు పాడిగేదె రెండు ముక్కలై పడి ఉంది. ముందుకాళ్ళు అతని చేలో, వెనకకాళ్ళు మల్లేశు చేలో, మధ్య జానెడు ఖాళీ. నెత్తురు ఆ ఖాళీలోకి జారి మిరప మొక్కల మొదళ్ళు తడిపింది.

"పాలిచ్చే గొడ్డును నరికితివి గదరా! నీకు చేతులెట్టా ఆడినయ్?"

"నేను నరకలా పెద్దన్నా. నేనొచ్చేసరికే అట్టా పడుంది."

"గట్టు జరిపింది కూడా నువ్వు గాదా? మొన్న గొలుసేసి కొలిపిత్తే నీ చేను మూడు గజాలు ఎక్కువొచ్చింది. యాడనుంచొచ్చిందిరా? ఆకాశంలోంచి ఊడిపడిందా?"

"నీ చేను కూడా కొలిపిచ్చావు గందా. తగ్గిందా?"

"తగ్గలా. అందుకే చెప్తన్నా, ఇందులో ఏదో దొంగతనం ఉంది. పంట పుట్టిద్ది, దూడ పుట్టిద్ది. భూమి పుట్టిద్దంట్రా?"

మల్లేశు నవ్వాడు. నవ్వకుండా ఉంటే బాగుండేది. గడ్డపార అతని చెవి పక్కగా వచ్చి భుజం ఎముక మీద పడింది. మోకాళ్ళ మీద కూలబడ్డ మల్లేశు చేతికి కంపకొట్టే గొడ్డలి దొరికింది. రెండోసారి గడ్డపార లేచేలోపల అతను కళ్ళు మూసుకుని విసిరాడు. కళ్ళు తెరిచేసరికి చెన్నకేశవులు ఎడమచెయ్యి మోచేతి కింద తోలుకు వేలాడుతోంది.

"ఒరే, నా చెయ్యిరా," అన్నాడు చెన్నకేశవులు, చిన్నపిల్లాడిలాగా. తిట్టు కూడా మరిచిపోయాడు.

అదే నిమిషంలో వాళ్ళ నెత్తిమీద ఒక చిన్న విమానం తూర్పుగా వెళ్ళిపోయింది. ఇద్దరిలో ఎవరూ తలెత్తి చూడలేదు.

*

ఆ విమానం రాజమండ్రిలో దిగిందని కర్నూలుకు ఫోన్ వచ్చింది. కర్నూలు విమానాశ్రయం వెనక ఒక పొడవాటి రేకుల షెడ్డులో ఉన్న ప్రయోగశాల మొత్తం చప్పట్లతో మోగిపోయింది.

"పదకొండు నిమిషాలు!" అన్నాడు డైరెక్టర్ అనంతపద్మనాభం, మైసూర్‌పాక్ డబ్బా తెరుస్తూ. "గంటా పది నిమిషాల ప్రయాణం, కాఫీ చల్లారేలోపు."

రెండు ఊళ్ళ మధ్య ఆకాశంలో నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. విమానం ముక్కుకు బిగించిన యంత్రం ఆ దూరాన్ని ముందుకు పోతూ పోతూ మడత పెడుతుంది. విమానం వేగం పెరగదు, దారే తరుగుతుంది. ఆ యంత్రం చేసింది కోటేశ్వరి, గుండ్లవరం మల్లేశుకు స్వయానా అక్క.

మర్నాడు ప్రారంభోత్సవం. మంత్రిగారూ, డెబ్భై మంది ప్రయాణికులూ ఎక్కే పెద్ద విమానం. ఏర్పాట్లు చూడటానికి వచ్చిన అధికారి ఒకాయన మైసూర్‌పాక్ కొరుకుతూ అడిగాడు.

"అంతా బాగుంది గానీ మేడమ్, తీసేసిన దూరం ఏమవుతుంది?"

"ఎక్కడికీ పోదండీ," అంది కోటేశ్వరి. "దూరాన్ని చంపలేం, జరపగలం. చీరకు ఒకచోట కుచ్చెళ్ళు పోస్తే ఆ గుడ్డ లోపలికి పోతుందే తప్ప మాయం కాదు కదా. పైన తీసిన దూరం దారి మధ్యలో ఒక్కచోట నేల మీద తేలుతుంది. దాన్ని మేం ముడి అంటాం. భయపడకండి, బిందెడు పాలు మరిగిస్తే గుప్పెడు కోవా. అన్ని కిలోమీటర్లకూ నేల మీద తేలేది జానెడు."

"అయినా నేల సాగుతుందిగా. ఎవరైనా ఉంటే?"

"ఎవరూ లేరు," అన్నాడు డైరెక్టర్. "సరిగ్గా సగం దారిలో మా కోటేశ్వరి ఊరుంది. దాని పక్కన బంజరు. చోటు చూపించింది తనే."

అది నిజం. చిన్నప్పుడు ఆ రాళ్ళదిబ్బ మీద కోటేశ్వరి తమ్ముణ్ణి చంకనేసుకుని మేకల వెనక తిరిగింది. గడ్డిపరక కూడా మొలవని నేల అది. సర్కారు లెక్కల్లో ఇప్పటికీ బంజరే. చదువుకీ ఉద్యోగానికీ ఊరు దాటినవాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది. తాము చూడటం మానేసిన రోజునే ఊరు కదలడం మానేసిందనుకుంటారు.

ఆమె ఫోన్ మోగింది. మల్లేశు భార్య నాగేంద్రం.

"వదినా, కొంప మునిగింది. మీ తమ్ముడు కేశవులు బావగారి చెయ్యి నరికాడు. గట్టుకాడ."

"ఏ గట్టే?" అంది కోటేశ్వరి.

"పడమటి చేను గట్టు. రాళ్ళదిబ్బ."

"దిబ్బ మీద గట్టేంటే? అక్కడ రాళ్ళు తప్ప ఏముంది?"

"ఎప్పటి దిబ్బ వదినా! నా పెళ్ళయిన ఏడే అన్నదమ్ములిద్దరూ కలిసి రాళ్ళేరి, బోరేసి, చేను చేశారు. ఇప్పుడు ఊళ్ళో మిరప కాసేదంతా ఆడనే. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నోళ్ళు. ఈ రెండు నెల్లనుంచే ఏదో దయ్యం పట్టింది. గట్టు తనంతట తనే జరగతంది. ఇయ్యాల పొద్దున బావగారి గేదె ఆ గట్టు మీదే రెండు ముక్కలై పడుంది."

రెండు నెలలు. ప్రయోగ విమానాలు మొదలైనప్పటి నుంచి. కోటేశ్వరి నోట్లో మైసూర్‌పాక్ మట్టిలా అయిపోయింది. ఆమె దాన్ని మింగనూ లేకపోయింది, ఉమ్మనూ లేకపోయింది.

*

"రేపటి విమానం ఆపండి సార్."

అనంతపద్మనాభం చెడ్డవాడు కాదు. ముప్పై ఏళ్ళుగా ఒక్క పని కోసమే బతికినవాడు, అంతే. అలాంటివాళ్ళు చెడ్డవాళ్ళకంటే ప్రమాదం.

"గట్టు తగాదాలు మీ పల్నాడులో కొత్తా కోటేశ్వరీ? మనం పుట్టకముందు నుంచీ నరుక్కుంటున్నారు."

"వీళ్ళని నరుక్కునేలా చేసింది మనం. ఖాళీ విమానానికే జానెడు తేలుతోంది. రేపటి బరువుకు బారెడు తేలుతుంది. ముడి మీద సాగేది సాగుతుంది, సాగనిది తెగుతుంది. గేదె తెగింది. రేపు మనిషి."

"అయితే మీ వాళ్ళను అవతలికి పొమ్మని చెప్పు. ముడి చోటు మార్చాలంటే రెండు రోజులు పడుతుంది. ప్రారంభోత్సవం కాగానే మారుస్తాను, మాట ఇస్తున్నాను." ఆగి, కాస్త మెత్తగా అన్నాడు. "ఆ చోటు చూపించింది నువ్వే కదమ్మా."

ఆమె బయటికొచ్చి కారెక్కింది. ఫోన్ చేస్తే మల్లేశు ఎత్తలేదు. రోడ్డు మీద ఎద్దులబండ్లూ, లారీలూ, స్పీడు బ్రేకర్లూ. పైన ఆమె మడతపెట్టిన దూరమంతా కింద ఆమె కాళ్ళకే చుట్టుకున్నట్టుంది. దారి పొడుగునా ఆమె ఏడ్చింది. తమ్ముణ్ణి బతికించుకోవాలి. ఆ ఒక్కటి తప్ప ఆమె బుర్రలో ఇంకేమీ లేదు.

*

పొద్దు వాలుతుండగా ఊరి పొలిమేరలోనే ఆమెకు దగ్గు పట్టుకుంది. కళ్ళల్లో నిప్పులు పోసినట్టయింది. మల్లేశు కల్లంలో ఆరబోసిన మిరపకాయలు తగలబడుతున్నాయి. మిరప కల్లానికి నిప్పు పెట్టడమంటే ఒక్క ఇంటిమీద పగ కాదు, ఊరు ఊరంతటి గొంతు పిసకడం. పిల్లలు వాంతులు చేసుకుంటున్నారు. ముసలివాళ్ళు తడిగుడ్డలు మొహాన వేసుకుని వీధుల్లో దొర్లుతున్నారు. ఎవరో గొడ్లను కట్టు విప్పి తరిమేస్తే, అవి గుడ్డిగా గోడలకు గుద్దుకుంటున్నాయి.

నిప్పు పెట్టింది చెన్నకేశవులు కొడుకు గోవిందు. ఇరవై రెండేళ్ళవాడు. తండ్రి మాత్రం దగ్గరి పట్నం పేటలో, ఆసుపత్రికి వచ్చిన పోలీసులకు గడ్డి కోసే మిషన్లో చెయ్యి పడిందని రాయించాడు. మల్లేశు పేరు చెప్తే పోలీసులు తీసుకుపోతారు, అప్పుడు కొడుక్కి తీర్చుకోవడానికి పగ మిగలదు. మా వైపు పరువు అలా ఏడుస్తుంది.

నాగేంద్రం బస్తాలు లాగబోయి రెండు చేతులూ కాల్చుకుంది. అరిచేతుల తోలు ఊడి వచ్చింది. వాకిట్లో కూర్చుని, చేతులు గాల్లో పెట్టుకుని, గొంతు పోయి శబ్దం లేకుండా ఏడుస్తోంది. మల్లేశు ఆమెను చూసి లోపలికెళ్ళి గొడ్డలి తెచ్చాడు. గడ్డపార దెబ్బకు కుడిభుజం వాచిపోయి ఉంటే ఎడంచేత్తో పట్టుకున్నాడు.

"ఎక్కడికిరా?" అంది కోటేశ్వరి గుమ్మంలో అడ్డంగా నిలబడి.

"తప్పుకో అక్కా. వాడి తల తెచ్చి ఇక్కడ పెడతా."

"వాడు నిన్ను బాబాయ్ అని పిలిచినోడురా. నువ్వు భుజం మీదెక్కించుకుని తిప్పినోడు."

"అందుకే. నా భుజం మీదే గదా బలిశాడు."

ఆమె అతని కాళ్ళు పట్టుకుంది. అక్షరాలా కాళ్ళే. ఊళ్ళో మొదటి డాక్టరేటు, తమ్ముడి బురదకాళ్ళ మీద పడింది. "నీ గట్టు ఎవరూ జరపలేదురా. నేను జరిపా. రేపు పొద్దున అందరి ముందూ చెప్తా. అప్పటిదాకా ఆగు."

మల్లేశుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ అక్క ఏడవటం అతను ఎన్నడూ చూడలేదు. గొడ్డలి గోడకు ఆనించి భార్య పక్కన కూర్చున్నాడు.

*

గుండ్లవరంలో హద్దు తగాదా తెగనప్పుడు ఒక పద్ధతి ఉంది. తప్పు మోపబడినవాడు తలమీద నీళ్ళు పోసుకుని, తడిబట్టలతో, ఆ చేలో మట్టి మూటగట్టి నెత్తిన పెట్టుకుని గట్టు నడవాలి. అతను నడిచిందే హద్దు. అబద్ధం నడిస్తే వంశం ఆ మట్టిలోనే కలుస్తుంది. పోలీసుల కాగితానికి భయపడనివాడు కూడా ఆ మూటకు భయపడతాడు.

పొద్దున పుల్లయ్య తాత, ఊరికి పెద్దమనిషి, అందర్నీ గట్టు దగ్గరికి పిలిచాడు. అటువైపు గోవిందు, అతని స్నేహితులు, భుజాల మీద తువ్వాళ్ళు. చలి లేని రోజున తువ్వాళ్ళు అంత దళసరిగా ఎందుకున్నాయో అందరికీ తెలుసు. ఇటువైపు బోరు కింద తడిసిన మల్లేశు, వట్టి చేతులతో. మూట నెత్తికెత్తుకోబోతుంటే కోటేశ్వరి లాక్కుంది.

"ఇది నా నెత్తిన పెట్టాలి తాతా. గట్టు జరిపింది నేను."

గుంపు నవ్వింది.

"నువ్వు ఊరి మొహం చూసి పదేళ్ళయిద్ది. ఎప్పుడొచ్చి జరిపావే?" అన్నాడు పుల్లయ్య.

"పైనుంచి జరిపా. మీ మీదగా పోయే విమానం నాది. అది పైన దారి మింగుతుంది, ఇక్కడ కక్కుతుంది. ఎవరి భూమీ ఎవరూ దొంగిలించలా. కొత్త నేల పుట్టింది. గేదె ముడి మీద పడుకుంది, తెగిపోయింది. ఇదంతా నా మూలంగానే."

"విమానం పోతే భూమి పుట్టిద్దా అత్తా?" అన్నాడు గోవిందు. అతని కళ్ళు మల్లేశు మెడ మీదే ఉన్నాయి. "బాగుంది. తమ్ముణ్ణి కాపాడుకోవటానికి చదువుకున్నోళ్ళ కత. మా అయ్య చెయ్యి కూడా విమానమే నరికిందా?"

"ఇప్పుడే వస్తుంది. పెద్దది. మీ కళ్ళతోనే చూద్దురు. గట్టు మీద నుంచి అందరూ దిగండి. దణ్ణం పెడతా, దిగండి!"

ఆమె మూట నెత్తిన పెట్టుకుంది. మట్టి నీళ్ళు ముఖం మీదగా కారుతున్నాయి. పడమటి నుంచి మోత వినబడింది. అందరూ ఒక్కసారి తలలెత్తారు. గోవిందు ఎత్తలేదు. అతను కాచుకున్న క్షణం అదే. తువ్వాల్లోంచి వేటకొడవలి లాగి గట్టు మీదకు దూకాడు.

"బాబాయ్!" అని అరిచాడు, పిలిచినట్టు.

మల్లేశు కదల్లేదు. కోటేశ్వరి మూట వదిలేసి మధ్యలోకి ఉరికింది. ఎడమచేత్తో తమ్ముడి గుండెల మీద తోసింది. కుడిచేత్తో గోవిందు మణికట్టు పట్టుకుంది. కొడవలి మల్లేశు మెడకు జానెడు దూరంలో ఉంది. ఆ జానెడు చాలు. గోవిందు కుర్రవాడు, బలమున్నవాడు.

నీడ వాళ్ళ మీదగా జారింది.

చప్పుడేమీ రాలేదని తర్వాత అందరూ చెప్పారు. నేల ఆవులించినట్టు నెమ్మదిగా తెరుచుకుంది. మిరప మొక్కలు వేళ్ళతో సహా పటపటా విడిపోయాయి. బోరు గొట్టం విరిగి నీళ్ళు పైకి ఎగజిమ్మాయి. ఎదురెదురుగా ఉన్న బాబాయ్, కొడుకు ఉన్నచోటనే నిలబడి దూరమైపోయారు. గోవిందు ఉన్న బలమంతా పెట్టి దించిన కొడవలి, మెడ లేని చోట పడి మట్టిలో దిగబడింది.

కోటేశ్వరి పట్టు వదల్లేదు. వదిలేస్తే మళ్ళీ ఎత్తుతాడని ఆమె భయం. ముడి ఆమె కుడిభుజం కింద పడింది.

గోవిందు తన మణికట్టు చూసుకున్నాడు. అత్త వేళ్ళు ఇంకా దాన్ని గట్టిగా పట్టుకునే ఉన్నాయి. మోచేయి దాటి భుజం దాకా అంతా ఉంది. ఆపైన అత్త లేదు. ఆమె బారెడు అవతల, కొత్తగా పుట్టిన ఎర్రమట్టి మీద, తమ్ముడి ఒళ్ళో పడి ఉంది. గోవిందు అరిచిన అరుపుకు పక్క ఊరి కుక్కలు కూడా మొరిగాయి.

మల్లేశు తడిపంచె చింపి అక్క భుజం మీద అదిమిపెట్టి "అక్కా, అక్కా" అంటున్నాడు. ఆమెను ఇంకా ఎవరూ లేవనెత్తకముందే, గుంపులోంచి ఒకడు అడిగాడు.

"మరి ఈ వచ్చిన నేల ఎవరికి చెందిద్ది?"

పుల్లయ్య తాత చేతికర్రతో వాడి మూతి మీద కొట్టాడు. రెండు పళ్ళు రాలాయి.

*

పేట ఆసుపత్రి వరండాలో ఎండ పడేచోట చెన్నకేశవులు కూర్చుని ఉన్నాడు. కోటేశ్వరిని నాగేంద్రం నడిపించుకొచ్చి అతని పక్కన కూర్చోబెట్టింది. నాగేంద్రం చేతులకు కట్లు, అందుకని భుజంతోనే ఆనించి నడిపించింది.



"నా ఎడమది పోయింది, నీ కుడిది పోయింది," అన్నాడు చెన్నకేశవులు. "ఇద్దరం కలిస్తే ఒక మడిసి కింద లెక్కమ్మా."

"నేనే చేశా పెద్దన్నా."

"చెప్పారు. నాకు అర్థం కాలా. ఒకటి మాత్రం అర్థమైంది. నా తమ్ముడు గట్టు జరపలా. నేను వాడి మీద గడ్డపార ఎత్తా." మిగిలిన చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "వాణ్ణి రమ్మని చెప్పమ్మా. గోవిందు మూడు రోజుల్నుంచి గేటు బయటే కూర్చుంటన్నాడు, మొహం చెల్లక. ఇద్దర్నీ రమ్మను. రెండు పాడైన కుటుంబాలు, ఒక కంచంలో తిందాం."

కోటేశ్వరికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అయిపోయింది, తమ్ముడు బతికాడు, అనుకుంది.

అప్పుడే గేటులోంచి ఒక ఆటో లోపలికి దూసుకొచ్చింది. వెనక సీట్లో ఒకణ్ణి అడ్డంగా పడుకోబెట్టారు. తల మీద గొడ్డలి దెబ్బ, ఎముక తెల్లగా కనబడుతోంది. కాళ్ళ దగ్గర ఒక ఆడమనిషి గుండెలు బాదుకుంటోంది. వార్డుబాయ్‌లు స్ట్రెచర్ తెచ్చారు.

"ఏ ఊరమ్మా?" అన్నాడు చెన్నకేశవులు లేచి.

"కొండ అవతల, ఎర్రగుంటపాడు. నా మొగుణ్ణి సొంత తోడల్లుడే నరికాడు బాబో! గట్టు జరిపాడంట! మా ఆయన గట్టు జరపలేదు బాబో, దేవుడి తోడు, జరపలేదు!"

చెన్నకేశవులు మెల్లగా తల తిప్పి కోటేశ్వరి వైపు చూశాడు.

ఆమె ఎడమచేత్తో ఫోన్ తీసింది. అలవాటు లేని చెయ్యి, మూడుసార్లు తప్పింది. అనంతపద్మనాభం గొంతు సంతోషంగా ఉంది.

"కోటేశ్వరీ! ఎలా ఉన్నావమ్మా? నీ వైద్యం ఖర్చంతా మాదే. మంత్రిగారు పొంగిపోయారు తెలుసా, పదకొండు నిమిషాలు కచ్చితంగా. ఇక రోజూ ఆరు విమానాలు."

"ముడి మార్చారా సార్?"

"మాటిచ్చాను కదా. నిన్ననే మార్చాం. కొండ అవతల ఒక బంజరు దొరికింది. చుట్టుపక్కల ఎవరూ లేరు."

ఆమె కళ్ళు మూసుకుంది. "ఇంకోచోట పెట్టండి."

"ఎక్కడ పెట్టమంటావ్? నువ్వే చెప్పు, పెడతాను."

"మీ రన్‌వే మీద. లేకపోతే మన షెడ్డు కింద, మీ కుర్చీ ఉన్నచోట."

 ఆయన నిజంగా నొచ్చుకున్న గొంతుతో అన్నాడు.

"అవేం మాటలమ్మా? అక్కడ మనుషులుంటారు కదా!"

కోటేశ్వరి ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి, స్ట్రెచర్ వెనక ఏడుస్తూ పరిగెడుతున్న ఆ ఆడమనిషి వైపు చాచి పట్టుకుంది. ఆయన పెట్టేసేదాకా అలాగే పట్టుకుంది.